పొత్తికడుపు నొప్పికి చిట్కా వేసేటప్పుడు కొలత కూడా వేయండి

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో ఆడవాళ్ల పొత్తికడుపు నొప్పికి ఇంటి వైద్యాలు తరచూ వేస్తున్నారు. వాటిలో కొన్ని నిజంగానే పనిచేస్తాయి. మా అభ్యంతరమల్లా "కాపడం పెట్టండి", "శొంఠి కషాయం తాగండి", "నెలకోసారి ఆముదం పుచ్చుకోండి" అని ఒక్క ముక్కలో వదిలేయడం మీద. ఎంత, ఎన్నాళ్లు, ఏ నొప్పికి, ఎవరికి కూడదు అన్నవి లేకపోతే చదివినవాళ్లు తలా ఒక రకంగా చేసుకుంటారు. ఫలితం లేకపోతే ఇక గర్భసంచి తీయించుకోవడమే దిక్కనుకుంటారు. నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల పల్లెల్లో ఇది ఎక్కువ కాబట్టి, మాకు తెలిసిన వివరం రాస్తున్నాం. కాస్త పొడుగైనా వేయగలరు.

బొడ్డు కింది నుంచి తొడల మొదలు దాకా, ముట్టుతో పనిలేకుండా కూడా వచ్చిపోతూ ఆరు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలికం అంటారు. ఆ చోట నొప్పి అనగానే అందరూ గర్భసంచినే అనుమానిస్తారు. కానీ ఆ కాస్త జాగాలోనే మూత్రాశయం, పెద్దపేగు చివరి భాగం, వీటన్నిటినీ కింది నుంచి మోసే కటి కండరాలు ఉన్నాయి. సిజేరియన్, పిల్లల ఆపరేషన్ కుట్ల దగ్గర అతుక్కున్న కండ కూడా నొప్పి పెడుతుంది. వీటి నరాలు వెన్నులో దాదాపు ఒకే చోట కలుస్తాయి కనుక ఏది బాధపడుతున్నా మనిషికి "పొత్తికడుపు" అనే తెలుస్తుంది. ఒకటి చాలాకాలం నొప్పి పెడితే పక్కవి కూడా బిగుసుకుంటాయి. అందుకే ఒకే చిట్కా ఒకరికి పనిచేసి పక్కింటావిడకు పనిచేయదు.

కాబట్టి మొదటి ఇంటి వైద్యం ఒక క్యాలెండర్. గోడకు తగిలించే మామూలుదే చాలు. రెండు ముట్టుల పాటు రోజూ పడుకునే ముందు నొప్పికి సున్నా నుంచి పది లోపు ఒక అంకె వేయాలి. ముట్టు రోజులు, విరేచనం అయిందీ లేనిదీ, మూత్రంలో మంట, కలయికలో నొప్పి, ఆ రోజు చేసిన బరువు పని కూడా గుర్తు పెట్టుకోవాలి. ముట్టుకు రెండు మూడు రోజుల ముందు పెరిగి, ముట్టు ఆగాక తగ్గితే గర్భసంచి వైపు (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్, ఆ పొర గర్భసంచి గోడలోకి పెరిగే అడినోమయోసిస్ వంటివి) చూడాలి. మూత్రం నిండేకొద్దీ పెరిగి, పోసాక తగ్గితే మూత్రాశయం. విరేచనంతో మారితే పేగు. కూర్చుంటే ఎక్కువై, పడుకుంటే తగ్గితే కండరాలు. డాక్టరు దగ్గరికి ఈ కాగితం తీసుకెళితే ఉన్న ఐదు నిమిషాలూ సద్వినియోగమవుతాయి.

ఇంకొక చిన్న పరీక్ష కూడా ఇంట్లోనే చేసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని, నొప్పి ఉన్న చోటు ఒక్క వేలితో చూపించి అక్కడే నొక్కి ఉంచాలి. అలా నొక్కి ఉంచే తలా భుజాలూ నేల మీద నుంచి కాస్త పైకెత్తాలి. నొప్పి పెరిగితే అది లోపలి అవయవానిది కాకుండా పొట్ట గోడది అయ్యే అవకాశం ఎక్కువ. కుట్ల పక్కన నరం నొక్కుకుపోయిన వాళ్లలో ఇలా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి స్కాన్‌లు తీయించుకుంటూ "ఏమీ లేదు" అనిపించుకునే వాళ్లలో ఇలాంటివారు ఉంటారు. ఆపరేషనైన రెండు మూడు నెలల తర్వాత, గాయం పూర్తిగా మానాక, రెండు వేళ్లకు కొబ్బరినూనె రాసుకుని కుట్టు మీది చర్మాన్ని పైకీ కిందికీ, పక్కలకీ, గుండ్రంగా రోజుకు ఐదు నిమిషాలు కదపాలి. నూనె రుద్దడం వేరు, చర్మాన్ని కిందనున్న కండ మీద జరపడం వేరు. రెండోదే కావాలి.

ఇక కాపడం. అన్ని ఇంటి వైద్యాల్లోకీ గట్టి ఆధారం ఉన్నది ఇదే, ముఖ్యంగా ముట్టు నొప్పికి. బిగుసుకున్న కండరం వేడికి వదులవుతుంది, రక్తం ఆడుతుంది. చర్మం దగ్గర 40 డిగ్రీల వేడి చాలు. "ఓర్చుకోగలిగినంత" అనే మాటే కొంప ముంచుతోంది. రబ్బరు సంచిలో సలసల కాగే నీళ్లు పోయకూడదు. కాగిన నీళ్లు ఒక వంతుకు మామూలు నీళ్లు ఒకటిన్నర వంతు కలపాలి. సంచిలో మూడింట రెండు వంతులు పోసి, పైభాగం నొక్కి గాలి తీసేసి మూత బిగించాలి. గాలి ఉండిపోతే సంచి ఒంటికి ఆనదు, పక్కకు దొర్లితే మూత దగ్గర చిమ్ముతుంది. పొడి తువ్వాలు చుట్టి ఇరవై నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు. పెట్టుకుని నిద్రపోవద్దు. కాపడం పెట్టేచోట చర్మం మీద వల అల్లినట్టు గోధుమరంగు మచ్చలు వస్తుంటే వేడి ఎక్కువైందని అర్థం. నెలల తరబడి అలాగే సాగిస్తే ఆ మచ్చలు పోవు.

సంచి లేనివాళ్లకు ఉప్పు మూట ఉంది. పావు కిలో రాళ్లుప్పు ఇనప మూకుడులో నాలుగైదు నిమిషాలు వేయించి, రెండు మడతల నూలు గుడ్డలో మూట కట్టాలి. పాలిస్టర్ చీర ముక్క వాడితే కరిగి చర్మానికి అంటుకునే ప్రమాదం ఉంది. మూటను ముందు మోచేతి లోపలి వైపు పది లెక్కపెట్టేదాకా ఆనించి చూడండి, చురుక్కుమంటే ఆగండి. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, గర్భం ఉందేమోనన్న అనుమానం ఉన్నవాళ్లు వేడి కాపడం పెట్టుకోకూడదు. జ్వరంతో కూడిన నొప్పికీ, కుడిపక్క కింద కొత్తగా మొదలైన నొప్పికీ కూడా వద్దు. లోపల చీము పట్టినా, అపెండిక్స్ వాచినా కాపడంతో తగ్గదు సరికదా, ఆసుపత్రికి పోవాల్సిన సమయం కాస్తా గడిచిపోతుంది.

బేసిన్ స్నానం కండరాల నొప్పికి ఇంకా మంచిది. తుంటి మునిగేంత వెడల్పు బేసిన్‌లో, కాగే నీళ్లు ఒక చెంబుకు చన్నీళ్లు ఆరేడు చెంబుల లెక్కన పోస్తే దాదాపు 39 డిగ్రీలు వస్తుంది. ఎండాకాలం మేడ మీది ట్యాంకు నీళ్లే సగం కాగి ఉంటాయి కనుక మోచేయి ముంచి చూసుకోవాల్సిందే. పది పదిహేను నిమిషాలు కూర్చుంటే చాలు. అందులో డెట్టాలు, పటిక, బేకింగ్ సోడా ఏవీ వేయొద్దు, మంట పెంచొచ్చు. వావిలాకు వేసుకునే అలవాటు ఉన్నవాళ్లు పైపైన పోసుకోవడానికి వేసుకోవచ్చు. మేలు చేసేది చాలావరకు ఆ నీళ్ల వేడే.

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ తప్పుగా చెబుతున్న సంగతి. "కటి కండరాలు బిగించి వదిలే కీగెల్ వ్యాయామం చేయండి" అని ఎక్కడ చూసినా ఉంటోంది. తుమ్మితే, దగ్గితే మూత్రం జారేవాళ్లకు అది మంచిదే. దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్లలో మాత్రం ఆ కండరాలు చాలామందికి ముందే బిగుసుకుని ఉంటాయి. వాటిని ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది, మూత్రం ఆగి ఆగి వస్తుంది, విరేచనానికి ముక్కాల్సి వస్తుంది. వీళ్లు నేర్చుకోవాల్సింది వదలడం.

అది ఇలా. వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద రెండు దిండ్లు పెట్టుకోవాలి. ఒక చెయ్యి రొమ్ము మీద, ఒకటి బొడ్డు మీద. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చాలి, బొడ్డు మీది చెయ్యి మాత్రమే లేవాలి. గాలి లోపలికి వెళ్లేటప్పుడు మూత్రం మొదలుపెట్టే ముందు కింద ఎలా వదులవుతుందో అలా వదలాలి. ముక్కకూడదు. ఆరు అంకెలు లెక్కపెడుతూ నోటితో నెమ్మదిగా ఊదాలి. ఐదు నుంచి పది నిమిషాలు, పొద్దునా రాత్రీ. తల తిరిగితే మరీ గట్టిగా పీలుస్తున్నారని అర్థం, తగ్గించండి. మొదటి వారం ఏమీ తెలియదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు చేసి చూడాలి. దీనికి తోడు అరికాళ్లు కలిపి మోకాళ్లు పక్కలకు వదిలే బద్ధకోణాసనం, మోకాళ్ల మీద వంగి నుదురు నేలకు ఆనించే శిశు ఆసనం, ఒక్కోటి అర నిమిషం చొప్పున మూడేసి సార్లు. కనిగిరి, ఉదయగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లకు నడుము, తుంటి, మోకాళ్ల కీళ్లే బిగుసుకుపోయి ఉంటాయి. వీళ్లు ఈ ఆసనాలు బలవంతంగా వేయొద్దు, మంచం మీద పడుకుని శ్వాస ఒక్కటే చేయండి. ఆ ప్రాంతంలో తుంటి నొప్పిని గర్భసంచి నొప్పిగా పొరబడే వీలు కూడా ఉంది. డాక్టరుకు ఏ ఊరి నీళ్లు తాగారో చెప్పండి.

పని భంగిమ గురించి పేపర్లలో ఎవరూ రాయరు. ఎప్పుడూ ఒకే చంకన బిందె మోసేవాళ్లకు ఆ వైపు తుంటి కీలు లాగి, నొప్పి గజ్జల్లోకి దిగుతుంది. వారానికోసారి కాదు, బిందె బిందెకూ వైపు మార్చాలి. పొగాకు గ్రేడింగ్‌లో, రొయ్యల ఫ్యాక్టరీల్లో గంటల తరబడి ఒకే తీరున కూర్చునో, నిలబడో ఉండేవాళ్లు నలభై నిమిషాలకోసారి రెండు నిమిషాలు భంగిమ మార్చుకోగలిగితే సగం బిగుతు అక్కడే పోతుంది. మేస్త్రీలు, యజమానులు ఒప్పుకోవాలి, అది వేరే సంగతి.

ఈ పనుల్లో ఇంకో బాధ ఉంది. మరుగు లేదని పొద్దుటి నుంచి నీళ్లు తాగరు, మూత్రం ఆపుకుంటారు. చిక్కబడ్డ మూత్రం మూత్రాశయంలో మంట పెడుతుంది, ఇన్‌ఫెక్షన్లకు దారి ఇస్తుంది. రోజుకు రెండు లీటర్లు, ఎండలో పనైతే రెండున్నర నుంచి మూడు. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పినంతే. మూత్రం ఎండుగడ్డి రంగులో ఉంటే సరిపోయినట్టు. మూడు గంటలకోసారి వెళ్లాలి. మంట, జ్వరం ఉంటే బార్లీ నీళ్లతో కాలం గడపకుండా మందు మొదలుపెట్టే ముందే ఏ క్రిమి ఉందో తేల్చే మూత్రం కల్చర్ పరీక్ష చేయించాలి. ప్రతిసారీ పరీక్షలో ఏమీ లేకున్నా మంట, మాటిమాటికీ మూత్రం, నిండితే నొప్పి ఉంటే అది మూత్రాశయ నొప్పి జబ్బు కావచ్చు. దానికి యాంటీబయాటిక్స్ పనిచేయవు.

ఈ జబ్బు ఉన్నవాళ్లకే మన తిండితో చిక్కు. గూడూరు, పొదలకూరు నిమ్మకాయలు చవగ్గా దొరుకుతాయని "మంటకు నిమ్మరసం" అంటారు. వీళ్లలో చాలామందికి నిమ్మ, టీ, కాఫీ, గోళీసోడా, పచ్చిమిరప మంట పెంచుతాయి. చింతపండు, మిరప్పొడి దండిగా వేసిన మన చేపల పులుసు కూడా కొందరికి పడదు. అన్నీ శాశ్వతంగా మానక్కర్లేదు. మూడు వారాలు మొత్తం ఆపి, తర్వాత మూడు రోజులకు ఒకటి చొప్పున తిరిగి మొదలుపెట్టి, క్యాలెండర్‌లో అంకె చూసుకోవాలి. పెరిగినదాన్ని మాత్రం తగ్గించుకుంటే సరి. పులుసు మానేసినా చేపలు మానొద్దు. కవళ్లు, కానాగంతల్లో ఉండే కొవ్వు ముట్టు నొప్పికి కొంత మంచిది.

మలబద్ధకం కటి నొప్పికి కవల లాంటిది. ఇసబ్‌గోల్ పొట్టు రాత్రి ఒక టీ చెంచాతో మొదలుపెట్టి వారంలో రెండు చెంచాలకు పెంచవచ్చు. నిండు గ్లాసు నీళ్లలో కలిపిన వెంటనే తాగి, పైన ఇంకో గ్లాసు మంచినీళ్లు తాగాలి. నీళ్లు తక్కువైతే అదే గొంతులోనో పేగులోనో ముద్ద కట్టి అడ్డం పడుతుంది. ఐరన్, థైరాయిడ్ మాత్రలకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. తెల్లన్నం ఒక పూట తగ్గించి సజ్జలో, కొర్రలో, రాగి సంకటో తినండి. మొదటి వారం గ్యాసు వస్తుంది, భయపడొద్దు. కమోడ్ మీద కూర్చునేవాళ్లు పాదాల కింద ఎనిమిది అంగుళాల పీట వేసుకుంటే ముక్కే పని తగ్గుతుంది. ఆముదం సంగతి: అది పేగులను మెలిపెట్టి తోసేస్తుంది. పేగు నొప్పి ఉన్నవాళ్లకు ఆ మెలికే మళ్లీ నొప్పి తెస్తుంది. గర్భిణులు అసలు ముట్టకూడదు.

శొంఠి ముట్టు నొప్పికి పనిచేస్తుంది. మొదటి మూడు నాలుగు రోజులు, రోజుకు అర టీ చెంచా పొడి, రెండు సగాలుగా, అన్నం తిన్నాక, వేడినీళ్లలో కాస్త బెల్లంతో. మూత్రాశయ నొప్పికో, కుట్ల నొప్పికో దాన్నుంచి ఏమీ ఆశించవద్దు. కడుపులో పుండు, పిత్తాశయంలో రాళ్లు ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మానాలి. వాము గ్యాసుకు సరే. పసుపు పాలు తాగితే తాగండి, కానీ ఘాటు పసుపు క్యాప్సూళ్లు కొందరిలో కాలేయాన్ని దెబ్బతీశాయి, వాటి జోలికి పోకండి. మందుల షాపులో మెఫెనమిక్ యాసిడ్ అనే నొప్పి మాత్ర కొనుక్కునేవాళ్లు దాన్ని ఇంటి చిట్కాల్లో కలపొద్దు. పరగడుపున వేసుకోకూడదు. కిడ్నీ జబ్బు, అల్సర్, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా అసలు వేసుకోకూడదు.

యోని లోపల పెట్టే చిట్కాలు మాత్రం దయచేసి ఎప్పుడూ వేయకండి. పటిక ముక్క, వెల్లుల్లి రెబ్బ, వేపాకు ముద్ద, పెరుగు, డెట్టాలు నీళ్లతో లోపల కడగడం, ఇవన్నీ అక్కడి మంచి సూక్ష్మజీవుల సమతూకాన్ని చెడగొట్టి ఇన్‌ఫెక్షన్‌ను గర్భసంచి దాకా, ట్యూబుల దాకా ఎక్కించవచ్చు. కొత్త నొప్పి అలా కూడా పుడుతుంది. వాసన, దురద లేని తెల్లబట్ట కొద్దిగా అవడం మామూలే, దానికి వైద్యం అక్కర్లేదు. ముట్టుడిగాక పొడిబారి కలయికలో నొప్పి ఉంటే పైన కొబ్బరినూనె వాడుకోవచ్చు. కండోమ్ వాడేవాళ్లు మాత్రం నూనె వాడకూడదు, రబ్బరు చిరిగిపోతుంది.

ఏ చిట్కాకూ ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాల్సినవి కొన్ని ఉన్నాయి. ముట్టు తప్పి ఒకపక్క గట్టి నొప్పి, కళ్లు తిరగడం ఉంటే గర్భం ట్యూబులో నిలిచి ఉండొచ్చు. పిల్లల ఆపరేషన్ అయింది కదా అని కొట్టిపారేయొద్దు. ఆ ఆపరేషన్ తర్వాత అరుదుగా గర్భం వస్తే అది ట్యూబులో నిలిచే అవకాశం మామూలు కంటే చాలా ఎక్కువ. 108కి ఫోన్ చేయండి. వాంతులతో కూడిన హఠాత్తు నొప్పి, జ్వరంతో దుర్వాసన వేసే తెల్లబట్ట కూడా అంతే. ముట్టుడిగాక రక్తం కనిపించడం, కలయిక తర్వాత రక్తం, మూత్రంలోనో మలంలోనో రక్తం, బరువు తగ్గడం, యాభై దాటాక పొట్ట ఉబ్బరం తగ్గకపోవడం, వీటికి వారం లోపల పరీక్ష చేయించుకోవాలి. స్కాన్ బాగుందంటే జబ్బు లేదని కాదు. ఎండోమెట్రియోసిస్ చాలాసార్లు మామూలు స్కాన్‌లో కనపడదు.

చివరిగా గర్భసంచి మాట. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద మూడు శాతం పైచిలుకు, మన ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది శాతానికి దగ్గర. రాష్ట్రాలన్నిటిలోకీ మనదే ఎక్కువ. అనవసరంగా ఈ ఆపరేషన్లు చేయకుండా కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులో పెట్టాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. నొప్పి మూత్రాశయానిదో, కండరానిదో, పేగుదో అయితే గర్భసంచి తీసినా అది పోదు. "గర్భసంచికి పుండు పడింది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అని ఎవరైనా అంటే పాప్ పరీక్షో (గర్భసంచి మూతి దగ్గరి కణాలు తీసి చూసేది), ముక్క పరీక్షో (బయాప్సీ) చేసిన రిపోర్టు కాగితం అడగండి. హార్మోన్ మాత్రలు, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూపు వాడి చూశారా, అండాశయాలు ఉంచుతారా తీసేస్తారా అని సంతకం పెట్టేముందే అడగాలి. చిన్న వయసులో అండాశయాలు కూడా పోతే ఎముకలు, గుండె త్వరగా దెబ్బతింటాయి. తొందరపెట్టే చోట ఆగి, ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో గైనిక్ ఓపీకి క్యాలెండర్, పాత స్కాన్‌లు తీసుకుని వెళ్లి రెండో అభిప్రాయం తీసుకోవచ్చు.

ఇట్లు,
నర్సింగ్, ఫిజియోథెరపీ రంగాల్లో పనిచేసే కొందరం,
కావలి